మంచి ఏరియా: ఒక మాట, కొన్ని హద్దులు

టెక్సస్‌లోని ఇర్వింగ్ నగరానికి ఆ పేరు అమెరికన్ రచయిత వాషింగ్టన్ ఇర్వింగ్ మీద అభిమానంతో పెట్టిందని స్థానిక చరిత్ర చెప్తుంది. 1903లో ఊరికి పునాది వేసిన ఇద్దరిలో ఒకరైన ఓటిస్ బ్రౌన్ భార్యకు ఆయన రచనలంటే ఇష్టమట. ఆ రచయిత పేరు వినగానే చాలామందికి గుర్తుకొచ్చేది స్లీపీ హాలో కథ. అందులో ఒక లోయకి దెయ్యాల లోయ అని పేరు. తల లేని రౌతు ఒకడు రాత్రుళ్ళు గుర్రమెక్కి తిరుగుతాడని అక్కడివారు చెప్పుకుంటారు. ఆ పుకారును నమ్మిన బడిపంతులు ఒక రాత్రి ఆ రౌతు బారిన పడి, ఊళ్ళో మళ్ళీ కనిపించకుండా పోతాడు. అతనితో పోటీ పడుతున్న యువకుడు సంపన్న రైతు కూతురిని పెళ్ళి చేసుకుంటాడు. రౌతు ఎవరో రచయిత తేల్చి చెప్పడు. ఒక చోటుకి పడిన పేరు వల్ల నష్టపోయేవాడొకడు, లాభపడేవాడొకడు ఉంటారన్న సంగతి మాత్రం పాఠకుడికి అర్థమవుతుంది.

డాలస్ పరిసరాలకు కొత్తగా వచ్చిన తెలుగు కుటుంబం ఇల్లు వెతుక్కునేటప్పుడు ముందే వచ్చి స్థిరపడినవారిని తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది: "అన్నా, అది సేఫ్ ఏరియానేనా?" దక్షిణ ఇర్వింగ్ గురించి ఈ ప్రశ్న వేసినప్పుడు నేను తరచుగా విన్న జవాబు: "వద్దు తమ్ముడూ, అటు మనవాళ్ళెవరూ ఉండరు." ఈ రెండు వాక్యాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే ప్రశ్నకీ జవాబుకీ పొంతన లేదని తెలుస్తుంది. అడిగింది భద్రత గురించి. చెప్పింది అక్కడ ఎవరుంటారన్నదాని గురించి. అయినా అడిగినవారికి సమాధానం దొరికినట్టే ఉంటుంది, చెప్పినవారికి తప్పు చెప్పినట్టు అనిపించదు.

ఆ పొంతన లేనితనమే ఈ వ్యాసానికి విషయం. ఒక పేటకి పడే పేరు అక్కడ జరిగే నేరాల సారాంశం కాదని, చాలాసార్లు అక్కడ నివసించేవారి రంగు, భాష, ఆదాయాల గురించి మర్యాదగా మాట్లాడే పద్ధతి మాత్రమేనని నా వాదన. ఈ పద్ధతిని మనం అమెరికాలో కొత్తగా నేర్చుకోలేదు. వచ్చేటప్పుడే వెంట తెచ్చుకున్నాం. అది ఒక్కోసారి మన మీదికే తిరుగుతుంది కూడా.

ఒక నగరం, రెండు పేర్లు

2020 జనగణన ప్రకారం ఇర్వింగ్ జనాభా 2,56,684. అందులో అయిదింట దాదాపు రెండు వంతులు హిస్పానిక్ ప్రజలు, దాదాపు ఒక వంతు ఆసియా మూలాలున్నవారు. దేశంలోకెల్లా అత్యధిక వైవిధ్యమున్న జిప్ కోడ్‌లలో ఒకటి తమ దగ్గర ఉందని నగరం గర్వంగా చెప్పుకుంటుంది. కాని ఈ వైవిధ్యం ఊరంతటా సమంగా పరుచుకున్నది కాదు. 1950లో మూడు వేల జనాభా కూడా లేని ఈ ఊరు 1960 నాటికి 45 వేలు దాటింది. ఆ ఎదుగుదల కాలంలో కట్టిన చిన్న ఇళ్ళు, పాత అపార్ట్‌మెంట్లు 183 రహదారికి దక్షిణాన ఎక్కువ. ఉత్తరాన ఉన్నది లాస్ కొలినాస్. బెన్ కార్పెంటర్ అనే వ్యాపారి తన కుటుంబానికి చెందిన పశుక్షేత్రంలో 1973లో మొదలుపెట్టిన ప్రణాళికాబద్ధమైన పట్టణం అది. కాలువలు, కార్యాలయ భవనాలు, ఇంకొంచెం పైకి వెళ్తే వ్యాలీ రాంచ్. తెలుగు కుటుంబాలు ఎక్కువగా కనిపించేది ఈ ఉత్తర భాగంలోనే. 2014 అక్టోబరు 2న గాంధీ స్మారకాన్ని ఆవిష్కరించిన థామస్ జెఫర్సన్ పార్కు ఉన్నదీ ఇటే.

లాస్ కొలినాస్ అంటే స్పానిష్‌లో గుట్టలు అని అర్థం. ఒక పేటకి స్పానిష్ పేరు పెడితే దాని హోదా పెరిగింది. అదే స్పానిష్ దుకాణాల బోర్డుల మీద కనిపించే పేటకి మాత్రం హోదా తగ్గింది. రెండు చోట్లా భాష ఒకటే. మారింది దాన్ని వాడేవారి ఆదాయం.

ఈ హద్దును స్థిరపరిచేవాటిలో పాఠశాలలు ముఖ్యమైనవి. ఇర్వింగ్ నగరంలో మూడు స్కూల్ డిస్ట్రిక్టులు ఉన్నాయి: ఇర్వింగ్, కొపెల్, క్యారల్టన్-ఫార్మర్స్ బ్రాంచ్. ఒకే నగరానికి పన్ను కట్టే రెండు కుటుంబాల పిల్లలు వేరువేరు డిస్ట్రిక్టులకు వెళ్ళవచ్చు. అందుకే మన సంభాషణల్లో "ఇర్వింగే, కాని కొపెల్ స్కూల్స్" అన్న మాట తరచుగా వినిపిస్తుంది. ఆ "కాని" చాలా పని చేస్తుంది. ఇర్వింగ్ అన్న పేరుతో అంటుకునే మచ్చ తమకు అంటలేదని అది ముందుగానే చెప్పేస్తుంది. పిల్లల చదువు గురించిన ఆరాటం నిజమైనదే. దాన్ని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. కాని పాఠశాలకిచ్చే రేటింగులో పరీక్షల మార్కులకు పెద్ద పీట ఉంటుంది. మార్కులకూ తల్లిదండ్రుల ఆదాయానికీ ఉన్న సంబంధం అందరికీ తెలిసిందే. మంచి స్కూలు అన్నప్పుడు మనం పాఠం చెప్పే తీరును ఎంత కొలుస్తున్నాం, పక్క బెంచీలో కూర్చునేవారి ఇంటి స్థితిని ఎంత కొలుస్తున్నాం అని అడగక తప్పదు.

కంటికి కనిపించేది ఏమిటి?

పేటల పేర్ల గురించి సామాజిక శాస్త్రవేత్తలు చేసిన పరిశోధనల్లో రెండు ఇక్కడ ముఖ్యం. లింకన్ క్విలియన్, డెవా పేజర్ 2001లో ప్రచురించిన పత్రంలో షికాగో, సియాటిల్, బాల్టిమోర్ నగరాల సర్వేలను పరిశీలించారు. ఒక పేటలో నల్లజాతి యువకుల నిష్పత్తి పెరిగేకొద్దీ అక్కడ నేరాలు ఎక్కువని నివాసులు అనుకోవడం కూడా పెరిగింది. అసలు నేరాల రేటును లెక్కలోకి తీసుకున్న తరవాత కూడా ఈ తేడా మిగిలింది.

రాబర్ట్ శాంప్సన్, స్టీఫెన్ రాడెన్‌బుష్ 2004లో ప్రచురించిన పరిశోధన ఇంకో అడుగు ముందుకు వేసింది. కిటికీ అద్దం పగిలి అలాగే ఉంటే, ఇక్కడ అడిగేవారు లేరన్న సంకేతం వెళ్ళి నేరాలు పెరుగుతాయని 1982లో జేమ్స్ విల్సన్, జార్జ్ కెల్లింగ్ రాసిన ప్రసిద్ధ వ్యాసం ఒకటుంది. పోలీసు విధానాలను దశాబ్దాలపాటు నడిపించిన ఆలోచన అది. శాంప్సన్, రాడెన్‌బుష్ ఆ పగిలిన కిటికీలనే లెక్కపెట్టించారు. షికాగో వీధులను వీడియో తీయించి చెత్త, పిచ్చిరాతలు, పాడుబడ్డ ఇళ్ళు ఎన్ని ఉన్నాయో నమోదు చేయించారు. మీ పేట ఎంత అస్తవ్యస్తంగా ఉందని నివాసులను విడిగా అడిగారు. జనం చెప్పిన జవాబులను కంటికి కనిపించే చెత్తకన్నా ఆ పేటలోని జాతుల కూర్పు, పేదరికం బాగా వివరించాయి. మరో విషయం ఇంకా ఆలోచింపజేసేది. తెల్లవారు మాత్రమే కాదు, నల్లజాతివారు కూడా అలాగే చూశారు. అంటే ఇది కొందరి మనసుల్లోని ద్వేషం మాత్రమే కాదు. సమాజం ఒక చోటు గురించి చెప్పుకునే కథను అందరూ, ఆ కథలో చెడ్డవారైనవారు సైతం, నేర్చుకుంటారు.

షికాగో ఫలితాలను ఇర్వింగ్‌కి యథాతథంగా అన్వయించలేం. కాని "నేను కళ్ళారా చూశాను, అది బాగుండదు" అనే మాటను సాక్ష్యంగా తీసుకునేముందు ఆగాలని అవి చెప్తాయి. కళ్ళు చూసేది కూడా కొంత ముందే నేర్చుకున్నదే.

అంకెలను ఆశ్రయిస్తే సరిపోతుందా? నేరాల గణాంకాలతో నగరాలకు ర్యాంకులు ఇవ్వవద్దని వాటిని సేకరించే ఎఫ్‌బీఐయే చాలాకాలంగా హెచ్చరిస్తోంది. పెద్ద మాల్, హోటళ్ళు, విమానాశ్రయం దగ్గర ఉన్న చోట ప్రతిరోజూ వేలమంది వచ్చిపోతారు. అక్కడ జరిగే దొంగతనాలు లెక్కలోకి వస్తాయి గాని, ఆ వచ్చిపోయేవారు జనాభాలోకి రారు. తలసరి రేటు ఎక్కువగా కనిపిస్తుంది. పైగా ఏరియా అన్న కొలతే మోటుది. డేవిడ్ వైస్‌బర్డ్ బృందం సియాటిల్ నగరంలో 14 ఏళ్ళ రికార్డులు చూసినప్పుడు మొత్తం నేరాల్లో సగం కేవలం నాలుగైదు శాతం వీధి ముక్కల్లో జరిగినట్టు తేలింది. చెడ్డ పేటగా పేరుపడ్డ చోట కూడా చాలా వీధులు ప్రశాంతంగా ఉంటాయి. ఒక బార్ మూలన, ఒక నిర్వహణ లేని పార్కింగ్ స్థలంలో జరిగేదానికి మైలు దూరంలో ఉన్న ఇంటివారు కూడా చెడ్డపేరు మోస్తారు.

2007లో ఇర్వింగ్‌లో జరిగింది

ఈ వాదనకు షికాగో దాకా వెళ్ళనవసరం లేదు. ఇర్వింగ్ చరిత్రలోనే దాఖలా ఉంది. 2006లో ఇక్కడి పోలీసు శాఖ కేంద్ర ఇమిగ్రేషన్ సంస్థతో కలిసి క్రిమినల్ ఏలియన్ ప్రోగ్రామ్ అనే కార్యక్రమంలో చేరింది. జైలుకు వచ్చినవారి ఇమిగ్రేషన్ స్థితిని పరిశీలించి, అవసరమైతే కేంద్రానికి అప్పగించడం దాని పని. తీవ్రమైన నేరాలు చేసిన విదేశీయులను ఏరివేయడం ప్రకటిత లక్ష్యం. 2007లో ఫోను, వీడియో ద్వారా 24 గంటలూ ఈ పరిశీలన జరిపే వీలు కలిగింది.

టెక్సస్‌లో జరిమానా మాత్రమే పడే చిన్న ట్రాఫిక్ తప్పుకి కూడా పోలీసు అధికారి తలచుకుంటే అరెస్టు చేయవచ్చు. సీటు బెల్టు కేసులో ఒక తల్లిని అరెస్టు చేయడం రాజ్యాంగ విరుద్ధం కాదని సుప్రీంకోర్టు 2001లో తీర్పు చెప్పింది. అదీ టెక్సస్ కేసే. అంటే టికెట్ రాసి పంపాలా, జైలుకు తీసుకెళ్ళాలా అన్నది అధికారి విచక్షణ. బర్క్‌లీ విశ్వవిద్యాలయంలోని వారెన్ ఇన్‌స్టిట్యూట్ 2009లో ప్రచురించిన నివేదిక సరిగ్గా ఈ విచక్షణనే పరిశీలించింది. 24 గంటల సదుపాయం రాగానే చిన్న తప్పులకు, ముఖ్యంగా ట్రాఫిక్ తప్పులకు, హిస్పానిక్ ప్రజల అరెస్టులు బాగా పెరిగాయి. ఇమిగ్రేషన్ సంస్థ నిలిపి ఉంచమని కోరినవారిలో తీవ్ర నేరారోపణ ఉన్నవారు కేవలం 2 శాతం. మిగిలినవారంతా చిన్న తప్పులవారే.

అరెస్టుల సంఖ్య పెరిగితే ఆ జాతివారు నేరాలు ఎక్కువ చేస్తున్నారని వినేవారు అనుకుంటారు. ఈ నివేదిక చూపించింది వేరు. వారి నడవడిలో ఆ కొద్ది నెలల్లో మార్పేమీ వచ్చి ఉండనక్కరలేదు. వారిని అరెస్టు చేయడం వల్ల ప్రయోజనం మారింది. పోలీసు లెక్కలు నేరాన్ని ఎంత కొలుస్తాయో, పోలీసుల చూపు ఎటు ఉందో కూడా అంతే కొలుస్తాయి. ఆ లెక్కలే ఆ తరవాత పేట పేరుకి ఆధారాలవుతాయి.

ఆ రోజుల్లోనే డాలస్‌లోని మెక్సికో కాన్సల్ తమ దేశస్థులను ఇర్వింగ్ వైపు వెళ్ళవద్దని హెచ్చరించారు. అంటే మెక్సికన్ కుటుంబాలకు ఇర్వింగే చెడ్డ ఏరియా. అపాయం అనేది అడిగేవారిని బట్టి మారుతుంది. మళ్ళీ 2015 సెప్టెంబరులో, సూడాన్ మూలాలున్న 14 ఏళ్ళ ముస్లిం విద్యార్థి తాను అమర్చుకున్న గడియారాన్ని ఇర్వింగ్‌లోని మెకార్థర్ హైస్కూలుకు తీసుకెళ్తే, దాన్ని నకిలీ బాంబుగా అనుమానించి పోలీసులు చేతులకు బేడీలు వేశారు. చివరికి ఏ కేసూ పెట్టలేదు. మన ఇళ్ళల్లో కూడా రోబోటిక్స్ పోటీలకని టేబుళ్ళ మీద వైర్లు పరుచుకునే పిల్లలున్నారు. ఆ కుర్రవాడికీ వారికీ తేడా ఏమిటని ఆనాడు ఎందరు తల్లిదండ్రులు ఆలోచించారో గాని, ఆలోచించవలసిన ప్రశ్నే.

మనం వెంట తెచ్చుకున్నది

ఒక ఊరి పేరు చెప్పగానే దొంగలు గుర్తుకు రావడం తెలుగువారికి కొత్త కాదు. బాపట్ల దగ్గరి స్టువర్టుపురం అలాంటి ఊరు. అది తనంతట తాను వెలిసినది కాదు, ప్రభుత్వం నిర్మించినది. 1871లో వచ్చిన క్రిమినల్ ట్రైబ్స్ చట్టం కొన్ని జాతులను పుట్టుకతోనే నేరస్థులుగా ప్రకటించింది. 1911 నాటి చట్టంతో అది మద్రాసు ప్రెసిడెన్సీకి విస్తరించింది. ఎరుకల కుటుంబాలను ఒకచోట చేర్చి, నిఘా కింద ఉంచి, హాజరు వేయించుకునే సెటిల్‌మెంట్‌గా సాల్వేషన్ ఆర్మీ నిర్వహణలో ఆ ఊరు ఏర్పడింది. మద్రాసు ప్రభుత్వంలో ఉన్నతాధికారిగా ఉన్న హెరాల్డ్ స్టువర్ట్ పేరు పెట్టారు. చరిత్రకారిణి మీనా రాధాకృష్ణ ఈ విషయం మీద చేసిన పరిశోధనలో ఒక సంగతి ప్రత్యేకంగా చెప్తారు: ఎరుకల, కొరవ కుటుంబాలు ఉప్పు, ధాన్యం ఊరూరా తిప్పి అమ్ముకుని బతికిన సంచార వ్యాపారులు. రైళ్ళు, బ్రిటిష్ వారి ఉప్పు విధానం ఆ బతుకుతెరువును దెబ్బతీశాయి. వృత్తి పోయినవారికి ఇల్లూ వాకిలీ లేకపోవడమే నేర లక్షణమైంది. అలా ఒకచోట కూర్చోబెట్టినవారి శ్రమ చీరాల పొగాకు కంపెనీకి అందుబాటులోకి వచ్చింది. స్లీపీ హాలో కథలో మాదిరిగా, ఇక్కడా చెడ్డపేరు వల్ల లాభపడినవారున్నారు.

1952లో ఆ చట్టం దేశమంతటా రద్దయింది. పేరు మాత్రం రద్దు కాలేదు. 1970ల నుంచి హేమలతా లవణం, లవణం దంపతులు అక్కడ సంస్కరణ కార్యక్రమం నడిపారు. ఆ ఊరి పిల్లలు చదువుకున్నారు, ఉద్యోగాలు చేశారు. అయినా 1991లో ఆ ఊరి పేరుతో రెండు తెలుగు సినిమాలు వచ్చాయి, ఒకదాని పేరులోనే దొంగలు అన్న మాట ఉంది. 2023లో వచ్చిన టైగర్ నాగేశ్వరరావు ప్రచారచిత్రం ఊరినీ ఎరుకల సమాజాన్నీ కించపరుస్తోందని హైకోర్టులో వ్యాజ్యం కూడా పడింది. చట్టం పోయి డెబ్భై ఏళ్ళు దాటినా ఆ ఊరివారు తాము దొంగలం కామని కోర్టుకు చెప్పుకోవలసి వచ్చింది.

హైదరాబాదులో ఇల్లు అద్దెకివ్వడానికి కులం, మతం, తిండి అడిగే ఇంటి యజమానులను చూసినవారే మనలో ఎక్కువమంది. అక్కడ పేరు, ఊరు, తిండి అడిగి రాబట్టే సమాచారాన్నే ఇక్కడ జిప్ కోడ్ అడిగి రాబడుతున్నాం. అమెరికాలో 1968 నాటి ఫెయిర్ హౌసింగ్ చట్టం జాతిని బట్టి ఇల్లు కొనేవారిని ఒక పేటవైపు నడిపించడాన్ని నిషేధించింది. అందుకే రియల్ ఎస్టేట్ ఏజెంటు "ఇది మంచి పేటేనా" అంటే సూటిగా జవాబివ్వడు. 2021 చివరలో రెడ్‌ఫిన్ వంటి సంస్థలు తమ ఇళ్ళ జాబితాల పక్కన నేరాల సమాచారం చూపించబోమని ప్రకటించినదీ ఈ చరిత్రను దృష్టిలో పెట్టుకునే. ఏజెంటు చట్టానికి భయపడి చెప్పని మాటను మనం స్నేహం కొద్దీ చెప్తున్నాం.

పేరు మన మీదికి తిరిగినప్పుడు

2015 ఫిబ్రవరిలో అలబామాలోని మాడిసన్‌లో జరిగినది మనలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. మనవడిని చూసుకోవడానికి గుజరాత్ నుంచి వచ్చిన 57 ఏళ్ళ పెద్దాయన కొడుకు ఇంటి దగ్గర ఉదయం నడకకు వెళ్ళాడు. ఎవరో సన్నటి నల్లమనిషి ఇళ్ళ చుట్టూ తిరుగుతున్నాడని పొరుగువారొకరు పోలీసులకు ఫోను చేశారు. వచ్చిన పోలీసులతో ఆయన చెప్పగలిగింది తనకు ఇంగ్లీషు రాదని, తనది ఇండియా అని మాత్రమే. ఒక అధికారి ఆయనను నేలకేసి పడేయడంతో శరీరం పాక్షికంగా చచ్చుబడింది. అధికారి మీద విచారణ రెండుసార్లు జరిగినా జ్యూరీ ఏకాభిప్రాయానికి రాలేదు. చివరికి 2016 జనవరిలో న్యాయమూర్తి కేసు కొట్టేశారు.

ఆ పెద్దాయన నడిచింది చెడ్డ ఏరియాలో కాదు. ఇంజనీరు కొడుకు ఎంచుకున్న మంచి ఏరియాలో. ఆ పేటకు చెందనివారెవరో కనిపిస్తే ఫోను చేసే జాగరూకతే ఆ పేటను మంచి ఏరియా చేసింది. అదే జాగరూకత ఆయనను గుర్తించలేకపోయింది. 2017 ఫిబ్రవరిలో కూచిభొట్ల శ్రీనివాస్ హత్య జరిగిన ఒలేథా కూడా కాన్సస్‌లో కుటుంబాలు కోరి వెళ్ళే ఊరే. కాల్చినవాడు ఆయనను ఇరానియన్ అనుకున్నాడు. 2011 నుంచి 2014 దాకా టెక్సస్‌తో సహా అయిదు రాష్ట్రాలలో ఆసియా, భారతీయ కుటుంబాల ఇళ్ళలో చొరబడి దోచుకున్న ముఠా కేసులో 2019లో 37 ఏళ్ళ శిక్ష పడింది. ఆ ముఠా కూడా ఒక మూసను నమ్ముకునే పని చేసింది: వీళ్ళ ఇళ్ళల్లో బంగారం, నగదు ఉంటాయని. మూసలో పోసిన అభిప్రాయం ఒకరోజు మనల్ని సురక్షితులైన పొరుగువారిగా, మరోరోజు అనుమానితులుగా, ఇంకోరోజు దోచుకోదగినవారిగా చూపిస్తుంది.

మరి భయం అబద్ధమా?

కాదు. రాత్రి షిఫ్టు ముగించుకుని ఒంటరిగా పార్కింగులోంచి నడిచి వచ్చే అమ్మాయికి భయం ఒక సామాజిక నిర్మితి అని చెప్పడం నిష్ప్రయోజనమే కాదు, అన్యాయం కూడా. అమెరికా అంతటా దుకాణాల్లో, పెట్రోలు బంకుల్లో పనిచేస్తూ దోపిడీల్లో ప్రాణాలు పోగొట్టుకున్న తెలుగు విద్యార్థులున్నారు. వారి తల్లిదండ్రులకు ఈ వ్యాసం ఏ ఓదార్పూ ఇవ్వలేదు. నేను అంటున్నది జాగ్రత్త మానమని కాదు. జాగ్రత్తకు పనికొచ్చే ప్రశ్నలు వేరు అని. ఆ అపార్ట్‌మెంట్ యాజమాన్యం దీపాలు సరిచేయిస్తుందా, గేటు పనిచేస్తుందా, గత ఏడాది ఆ వీధిలో కార్ల అద్దాలు ఎన్నిసార్లు పగిలాయి, రాత్రి పదింటికి బస్టాపు దగ్గర ఎవరైనా ఉంటారా? ఇవి వైస్‌బర్డ్ చెప్పిన వీధి ముక్కల స్థాయి ప్రశ్నలు. పోలీసు శాఖ ప్రచురించే రికార్డులు, అక్కడ ఉంటున్నవారు వీటికి జవాబివ్వగలరు. "మనవాళ్ళు ఉండరు" అన్న జవాబు వీటిలో ఏ ఒక్కదానికీ సరిపోదు.

మనవాళ్ళ దగ్గర ఉండాలనుకోవడం కూడా తప్పేమీ కాదు. పసిబిడ్డతో, తెలుగు మాట్లాడే పొరుగు కోసం తపించే తల్లి కోరిక అది. అయితే ఆ కోరికను ఆ పేరుతోనే చెప్పుకోవాలి. దానికి భద్రత అన్న పేరు పెట్టినప్పుడు, అవతలి పేటవారి మీద మనం చూడని నేరాన్ని మోపినవాళ్ళమవుతాం. ఆ ఇళ్ళ విలువ తగ్గుతుంది, ఆ స్కూళ్ళనుంచి చదువుకున్న కుటుంబాలు తప్పుకుంటాయి, కొన్నేళ్ళకు మన జోస్యమే నిజమైనట్టు కనిపిస్తుంది.

ఇంకోసారి ఎవరైనా కొత్తగా వచ్చిన తమ్ముడు దక్షిణ ఇర్వింగ్ గురించి అడిగితే, అక్కడ ఎవరుంటారో కాక అక్కడ ఏం జరుగుతోందో చెప్పవచ్చు. అది తెలియకపోతే తెలియదని చెప్పవచ్చు. మన ఇళ్ళకు వచ్చిన అమ్మానాన్నలు కూడా సాయంత్రం పూట ఎవరో ఒకరి పేటలోనే నడుస్తుంటారు. కిటికీలోంచి వారిని చూసేవారు ఏ ప్రశ్న వేసుకోవాలని మనం కోరుకుంటామో, మనమూ అదే ప్రశ్న వేసుకోవడం న్యాయం.